దుబాయ్ నుంచి వచ్చిన మోంటెక్రిస్టో సిగార్ డబ్బా: అసలుదేనా, దీని కథ ఏంది?

హన్మకొండ_పోరడు:

అన్నలు, అక్కలు, ఒక డౌట్ ఉండె. మా బామ్మర్ది దుబాయ్ల చేస్తడు, మొన్న దసరాకు వచ్చినప్పుడు ఒక చెక్క డబ్బా తెచ్చి నా చేతుల పెట్టి "బావా ఇది మామూలు మాల్ కాదు, క్యూబాది, మోంటెక్రిస్టో, మంచిగ దాచిపెట్టు, మళ్ల నేను వచ్చినప్పుడు ఇద్దరం మేడ మీద కూసొని తాగుదాం" అని చెప్పి పోయిండు. నేను సిగరెట్ బంద్ చేసి నాలుగేండ్లు అయితాంది, అయినా ఆ డబ్బా చూస్తే ఏదో ముచ్చటేసింది. మూత మీద ఆరు కత్తులు మూడు మూలలుగా పేర్చినట్టు బొమ్మ, నడుమ ఒక పువ్వు. లోపల 25 సిగార్లు ఉన్నయ్, ఒక్కోదానికి కాఫీ రంగు పట్టీ. డబ్బా మీద నంబర్ 4 అని ఉంది. మరి 1, 2, 3 ఎటువోయినయ్ అని మా చిన్నోడు అడిగిండు, నాకేం తెలుసు.

ఇగ మా అమ్మ సంగతి. అమ్మ కోరుట్లల ముప్పై ఏండ్లు బీడీలు చేసింది, ఇప్పుడు నా దగ్గరనే ఉంటది. డబ్బా మూత తీసి చూసి "గిది మా తాత తాగిన చుట్టనే గదరా, దీనికి గింత పెద్ద పెట్టెనా" అన్నది. నా దగ్గర జవాబ్ లేదు.

అడిగేది ఏందంటే, ఇది అసలుదా డూప్లికేటా ఎట్ల తెలుస్తది, దుబాయ్ల కూడ నకిలీలు మస్తు దొరుకుతయట. రెండోది, నెట్ల చూస్తే ఈ పేరు ఏదో ఫ్రెంచ్ నవలది అని ఉంది, చుట్టకు నవల పేరు ఎందుకు పెడతరు భయ్. అమ్మ అడిగినట్టు చుట్టకూ దీనికీ నిజంగ ఫరక్ ఏమన్న ఉందా, లేకుంటే పెట్టెకే పైసలా. ఆ, ఇంకోటి, డబ్బాను బీరువాల బట్టల నడుమ పెట్టిన, కలరా ఉండలు ఉన్న అర, పురుగు పట్టకుండ ఉంటది గదా అని. పర్వాలేదు గదా?

గల్ఫ్_రిటర్న్:

ముందుగాల ఆ డబ్బాను బీరువాల నుంచి బయటికి తియ్యి తమ్మీ, నీకు దండం పెడత. పొగాకు ఎట్లాంటిదంటే పక్కన ఏముంటే దాని వాసన గుంజుకుంటది, నెల రోజులు కలరా ఉండల పక్కన పెట్టినంక నువ్వు ముట్టిస్తే అది మోంటెక్రిస్టో కాదు, మీ ఇంటామె పెండ్లి పట్టుచీర.

నాది జగిత్యాల దగ్గర, దుబాయ్ల ఒక హోటల్ల తొమ్మిదేండ్లు చేసిన, అందుల నాలుగేండ్లు సిగార్ లౌంజ్‌ల డ్యూటీ. తాగుడు నాకు అలవాటు కాలే కాని తెచ్చి ఇచ్చుడు, కత్తిరించుడు, ముట్టిచ్చి ఇచ్చుడు వేల సార్లు చేసిన. కాబట్టి తెలిసింది చెప్త.

అసలుదా కాదా అంటే, ముందుగాల డబ్బా ముంగట ఎడమ దిక్కు ఆకుపచ్చ రంగు గవర్నమెంట్ సీల్ చూడు, నోటు లెక్క సన్న గీతల ప్రింట్ ఉంటది, కొత్త వాటికి బార్‌కోడ్, మెరిసే హోలోగ్రామ్ కూడ ఉంటయ్. పై కుడి మూలకు అడ్డంగ "హబానోస్" అని స్టిక్కర్, క్యూబా సిగార్లను గట్లనే అంటరు. ఇగ డబ్బా బోర్లేసి చూడు, కింద చెక్క మీద కాల్చి వేసిన ముద్ర ఉండాలె, "హెచో ఎన్ క్యూబా" అంటే క్యూబాల చేసింది, "టోటల్‌మెంటే ఆ మానో" అంటే మొత్తం చేత్తోటి చేసింది. దాని పక్కన సిరా ముద్రల ఫ్యాక్టరీ కోడ్, నెల, సంవత్సరం ఉంటయ్. ఈ చేత్తోటి చేసింది అనే ముద్ర 1989 నుంచి వస్తాంది, కాబట్టి ఎవడన్న "ఇది 1975 డబ్బా" అని ఆ ముద్ర ఉన్నది అమ్మజూపితే నవ్వి లేచి రా. లోపల 25 ఒక్క తీరు రంగుల ఉండాలె, ఎడమ నుంచి కుడికి ముదురు రంగు నుంచి లేత రంగుకు పేరుస్తరు, పట్టీలన్నీ ఒకే ఎత్తుల ఒకే దిక్కు చూస్తయ్. అద్దం మూత ఉన్న డబ్బా అయితే నూటికి నూరు పాళ్లు డూప్లికేట్, అసలు కంపెనీ అట్ల చెయ్యనే చెయ్యదు, టూరిస్టులకు అంటగట్టే మాల్ అది. మీ బామ్మర్ది 25 దాని ఒక్క డబ్బనే తెచ్చుడు కూడ తెలివైన పనే, మన కస్టమ్స్ కాడ తలా 25 సిగార్ల దాకనే వదులుతరు.

నంబర్ల సంగతి మీ చిన్నోనికి చెప్పు. 1, 2, 3, 4, 5 అంటే క్వాలిటీ ర్యాంక్ కాదు, సైజులు అంతే. మందం ఎట్ల కొలుస్తరంటే ఒక అంగుళాన్ని 64 భాగాలు చేసి అందుల ఎన్ని అని, దాన్ని రింగ్ అంటరు. నీ నంబర్ 4 ఏమో 42 రింగ్, 129 మిల్లీమీటర్లు, అంటే ఐదు అంగుళాలు. హబానో సిగార్లల లోకమంత ఎక్కువ అమ్ముడువోయే సిగార్ అది, మా లౌంజ్‌ల కూడ రోజు కదిలే మాల్ అదే. 1, 3, 4 మూడు ఒక్క మందమే, పొడుగే ఫరక్, 1 ఏమో 165, 3 ఏమో 142. 5 చిన్నది, 40 రింగ్, 102, చాయ తాగేంత సేపట్ల ఖతం. అసలు మజా నంబర్ 2. అది 52 రింగ్, 156 మిల్లీమీటర్లు, తల దిక్కు సూదిగ వస్తది, పిరమిడే అంటరు ఆ ఆకారాన్ని. నిలువు చుట్టుడు ఒక ఎత్తు, మొన తేలేటట్టు ఆకు తిప్పుకుంట సన్నం చేసుడు ఒక ఎత్తు, అది చేతి వాటం ఉన్న పాత పనోళ్లకే ఇస్తరు. రష్యా వాళ్లు, లెబనాన్ వాళ్లు కూసున్నారంటే అడిగేది నంబర్ 2.

మోంటెక్రిస్టో "A" అని ఇంకోటి ఉండె, 235 మిల్లీమీటర్లు, స్కూల్ స్కేల్‌కు ముప్పాతిక వంతు ఉంటది. ఒకసారి మన హైదరాబాద్ బిల్డర్ ఒకాయన వచ్చి "అన్నిట్ల పెద్దది తీస్కరా" అన్నడు, తెచ్చిచ్చిన, పావు వంతు కాలంగనే మొఖం తెల్లగయ్యి మంచినీళ్లు అడిగిండు. ఈ "A", ఎస్పెషల్, ఎస్పెషల్ నంబర్ 2, జోయితా ఇవన్నీ 1970లల్ల కలిపిండ్రు. లావు సిగార్ల ఫ్యాషన్ వచ్చినంక 2004ల ఎడ్ముండో అని 52 రింగ్‌ది తెచ్చిండ్రు, అది ఆ నవల హీరో పేరే. 2009ల ఓపెన్ అని లైట్ రకం, గోల్ఫ్ ఆడేటోళ్ల కోసమట, అది మజ్జిగల నీళ్లు పోసినట్టు ఉంటది అని తాగేటోళ్లే అనేది. 2017ల లీనియా 1935 అని ఘాటు ఎక్కువది, పేరుల ఉన్నది కంపెనీ పుట్టిన సంవత్సరం.

దాచుడు ఎట్లంటే, గాలి చొరబడని పెద్ద ప్లాస్టిక్ డబ్బా తీస్కో, కొత్తది, పచ్చడి పెట్టింది కాదు. చెక్క పెట్టెను మొత్తానికి అందుల పెట్టు, తేమ ఇచ్చే చిన్న ప్యాకెట్లు ఆన్‌లైన్ల దొరుకుతయ్, 65 నుంచి 70 శాతం తేమ నిలవెట్టేవి, అవి రెండు వెయ్యి. ఫ్రిజ్‌ల పెట్టకు, ఎండిపోతది, పైకెళ్లి మీ చేపల పులుసు వాసన. వరంగల్ ఎండాకాలం 44 అయినప్పుడు ఏసీ రూమ్ల ఉంచు, ఎందుకంటే పొగాకు పురుగు గుడ్లు ఆకులనే ఉంటయ్, వేడి 25 దాటిందంటే పొదిగి పిల్లలైతయ్. గుండుసూది గుచ్చినట్టు బెజ్జాలు కనవడితే వెంటనే చెప్పు.

హన్మకొండ_పోరడు:

అన్నా నువ్వు దేవునివి. బీరువాల నుంచి తీసిన, నిజంగనే కొంచెం వాసన వస్తాంది, మా ఇంటామె నవ్వుతాంది. సీల్ ఉన్నది, కింద ముద్ర బరాబర్ నువ్వు చెప్పినట్టే ఉన్నది, మూడు అక్షరాల నెల, పక్కన సంవత్సరం. నవల సంగతి ఎవరన్న చెప్పుండ్రి.

లెక్కల_సారు:

ఆ సంగతి నాకు విడువుండ్రి. నేను రిటైర్డ్ టీచర్ని, కాజీపేట. పొగ తాగను, చరిత్ర పిచ్చి ఉన్నది.

1935ల క్యూబా రాజధాని హవానాల అలోన్సో మెనెండెజ్ అనే ఆయన ఒక ఫ్యాక్టరీ కొని ఈ బ్రాండ్ షురూ చేసిండు. తర్వాత గార్సియా అనే పార్ట్‌నర్‌తో కలిసి మెనెండెజ్ గార్సియా కంపెనీ పెట్టి, 1937ల ఎచ్ ఉప్‌మన్ ఫ్యాక్టరీని చేతులకు తీసుకున్నరు. ఈ ఉప్‌మన్ ఇంకా పాతది, 1844ల హెర్మన్ ఉప్‌మన్ అనే జర్మన్ పెట్టింది. నీ డబ్బా మీది ఆరు కత్తుల బొమ్మ క్యూబా వాళ్లు గీసింది కాదు, బ్రిటన్‌ల ఈ సిగార్లు అమ్మే జాన్ హంటర్ మోరిస్ అండ్ ఎల్కన్ అనే కంపెనీ చేసిచ్చింది. నవల కౌంట్ ఆఫ్ మాంటెక్రిస్టో, అలెగ్జాండర్ డ్యూమాది, ఫ్రెంచ్‌ల రాసింది, చెయ్యని నేరానికి జైలుకు వోయి తప్పించుకొని పగ తీర్చుకునే కథ, అందుకే ఆ కత్తులు. ఆ పేరు ఎట్లొచ్చిందంటే ఫ్యాక్టరీల పనోళ్లకు కథ చదివి వినిపించేటోడు ఒకడు ఉండేది, వాళ్లకు ఈ నవల మస్తు ఇష్టమట, అట్ల పెట్టిండ్రు. ఆ చదివేటాయన సంగతి ఇంకెవరన్న మంచిగ చెప్తరేమో.

ఇక్కడ ఒక తిరకాసు ఉన్నది, బాబూ. లోకంల మోంటెక్రిస్టోలు రెండు. 1959ల క్యూబాల క్యాస్ట్రో అధికారంలకు వచ్చిండు, 1960ల పొగాకు ఫ్యాక్టరీలన్నీ సర్కారు గుంజుకున్నది. మెనెండెజ్, గార్సియా కుటుంబాలు దేశం విడిచి కానరీ దీవులకు వోయిండ్రు, అక్కడ అదే తీరు డబ్బాల పెట్టి మోంటెక్రుజ్ అని పేరు మార్చి అమ్మిండ్రు, ఎందుకంటే పాత పేరు వాడుకోనిస్తలేరు. తర్వాత డొమినికన్ రిపబ్లిక్‌ల లా రొమానా అనే ఊరికి ఆ పని మారింది. ఇప్పుడు అమెరికా దుకాణంల మోంటెక్రిస్టో అంటే డొమినికన్‌ది, మిగతా లోకంల మోంటెక్రిస్టో అంటే క్యూబాది, పేరు ఒకటే, కత్తులు ఒకటే, ఆకు వేరు, మట్టి వేరు. అన్నదమ్ములు విడివడి ఇద్దరూ "మా నాయన పెట్టిన హోటల్ ఇదే" అని ఎదురెదురు బోర్డులు పెట్టుకున్నట్టు. దుబాయ్ల అమ్మేది క్యూబాది కాబట్టి నీది దాని సంగతే.

అమెరికాల క్యూబాది ఎందుకు లేదంటే 1962 ఫిబ్రవరిల కెన్నెడీ క్యూబా సరుకు మొత్తం బంద్ చేసిండు. దాంట్ల తమాషా వినుండ్రి. సంతకం పెట్టేటందుకు ముందు రోజు సాయంత్రం కెన్నెడీ తన ప్రెస్ సెక్రటరీ పియర్ సాలింజర్‌ను పిలిచి, రేపు పొద్దున్నకల్లా వెయ్యి సిగార్లు తెమ్మన్నడట, పెటిట్ ఉప్‌మన్లు, అంటే ఈ ఉప్‌మన్ ఫ్యాక్టరీ మాలే. సాలింజర్ వాషింగ్టన్‌ల దుకాణాలన్నీ తిరిగి 1,200 పోగు చేసిండు. తెల్లారి పోయి చెప్తే కెన్నెడీ ఖుషీ అయ్యి డ్రాయర్ తీసి కాయితం మీద సంతకం పెట్టిండు. ఇది ఎవరో పుట్టించింది కాదు, సాలింజరే తర్వాత రాసుకున్నడు. మన దగ్గర మద్యం దుకాణాలు రేపు బంద్ అంటే ఇయ్యాల రాత్రి లైన్ కట్టేటోళ్లను ఎందుకు తిడతరు మరి, అమెరికా ప్రెసిడెంటే కట్టిండు.

కోరుట్ల_ఆడబిడ్డ:

సారు విడిచిపెట్టిన కాడ నేను అందుకుంట. పోరడు వాళ్లమ్మ మా ఊరు అని చూసి ఆగలేకపోయిన. మా అమ్మ, మా మేనత్త, మా అక్క అందరు బీడీలు చేసినోళ్లే, నేను టెన్త్ దాక చేసిన, తర్వాత హాస్టల్‌కు వోయిన కాబట్టి తప్పించుకున్న.

ఆ చదివేటాయనను లెక్టర్ అంటరు. 1865ల హవానాల ఎల్ ఫిగారో అనే ఫ్యాక్టరీల షురూ అయ్యింది. హాల్ల వందల మంది బల్లల ముంగట వరుసగ కూసొని చుట్టుడే, మాట్లాడితే పని ఆగుతది, చేతులకు పని ఉంటది కాని చెవులు ఖాళీ. ఎత్తు కుర్చీల ఒకడు కూసొని పొద్దున పేపర్ చదివేది, పగటీలి నవల. జీతం ఓనర్ ఇయ్యడు, పనోళ్లే తలా కొంత వేసుకొని ఇచ్చేది, ఏ పుస్తకం చదవాల్నో కూడ వాళ్లే ఓట్లేసి తేల్చేది. కథ నచ్చితే చప్పట్లు కొట్టరు, చేతిల ఆకు కోసే కత్తి ఉంటది గదా, చవెటా అంటరు, దాంతోటి బల్ల మీద టకటక కొట్టేది. ఏడాది తిరగకముందే 1866ల, అప్పట్ల క్యూబాను ఏలిన స్పెయిన్ సర్కారు దాన్ని బంద్ పెట్టింది, పనోళ్లకు లేనిపోని తెలివి వస్తాందని. మళ్ల వచ్చింది. అమెరికాల టాంపా ఊర్ల క్యూబా వాళ్లు పెట్టిన ఫ్యాక్టరీలల్ల కూడ లెక్టర్లు ఉండేది, 1931ల అక్కడి ఓనర్లు వాళ్లను తీసేసి రేడియోలు పెట్టిచ్చిండ్రు. హవానాల ఇప్పటికీ చదువుతరు.

ఇది చదివిన రోజు నాకు నిద్ర రాలే. ఎందుకంటే మా వాడల రేడియో ఉండె, నిజామాబాద్ స్టేషన్. మా మేనత్త వాకిట్ల వేపచెట్టు కింద ఎనిమిది పది మంది ఆడోళ్లు గుండ్రంగ కూసొని, ఒళ్లె చాట, చాటల తంబాకు, పక్కన తడిబట్టల చుట్టిన తునికాకు కట్ట, రేకు పెట్టి ఆకు కత్తిరిచ్చుడు, తంబాకు పొయ్యుడు, చుట్టుడు, దారం కట్టుడు, మూతి మడుచుడు, రేడియోల నాటకం వస్తే ఒక్కరు మాట్లాడకపోయేది. టీవీలు వచ్చినంక సీరియల్, చేతుల దిక్కు చూడకుండనే చుట్టేది. కరెంట్ పోయిన రోజు నన్ను పిలిచేది, "అగో చదువుకున్న పోరి, పేపర్ చదువు" అని. ఆదివారం పేపర్ల కథలు నేను చదివితే మా మేనత్త చివర్ల "గట్లెట్ల జేస్తడే వాడు" అని తిట్టేది, కథ రాసినాయనను. నాకు ఒక చాయ, రెండు బిస్కెట్లు. కూలీ అది. నేను లెక్టర్ననే సంగతి నాకు ఇప్పుడు తెలిసింది.

మరి ఫరక్ ఏంది అని అమ్మ అడిగింది గదా. ఫరక్ ఉన్నది, ఆకుల ఉన్నది, ఓపికల ఉన్నది. సిగార్ మొత్తం పొగాకే, బీడీ లెక్క తునికాకు లేదు, సిగరెట్ లెక్క కాయితం లేదు. లోపలి ఆకు త్రిపా, అది నలిపిన పొడి కాదు, నిలువు పొడుగు ఆకులు మడిచి పెడతరు, మొక్క పైన ఎండ తగిలిన ఆకు ఘాటు, నడుమది వాసన, కిందిది మంట ఆరకుండ కాలేటందుకు, మూడూ కలుపుతరు. దాన్ని పట్టి ఉంచే ఆకు కపోటే. పైన కనవడే నున్నటి ఆకు కాపా. ఆ కాపా కోసం వేరే తోట, పినార్ దెల్ రియో దిక్కు వ్యుయెల్టా అబాహో అనే నేల, మొక్కల మీద తెల్లబట్ట పందిరి వేస్తరు, ఎండ నేరుగ తగిలితే ఆకు మందం అయితదని. కోసినంక ఆరబెట్టి, కుప్పలు వేసి లోపల్నే వేడి పుట్టేటట్టు మురగబెడతరు, ఘాటు దిగేదాక, కొన్ని ఆకులు ఏండ్లకొద్ది ఆగుతయ్. మన గోదావరి లంకల పొగాకుతోటి చేసే చుట్ట కూడ ఆకుల ఆకు చుట్టిందే, కాబట్టి మీ అమ్మ మరీ తప్పేం అనలే, అక్కచెల్లెండ్లే ఇవి, ఒకామె దొరల ఇంటికి కోడలుగ వోయింది అంతే.

ఇంకొకటి చూడుండ్రి. హవానాల చెయ్యి తిరిగినోళ్లు రోజుకు వంద దాక చేస్తరట. మా మేనత్త వెయ్యి బీడీలు చేసేది. డబ్బాకు 25 సిగార్లు, మా కార్ఖానల కట్టకు 25 బీడీలు, నలభై కట్టలైతే వెయ్యి. అక్కడ చుట్టినంక గుంజి చూసే మిషన్ల పెట్టి పొగ మంచిగ వస్తాందా చూస్తరట, రంగుల వారీగ పేరుస్తరు. మా కాడ కార్ఖానకు వోతే ఠేకేదారు కట్ట ఎత్తి చూసి సన్నగున్నయ్, మూతి సరిగ లేదు అని పక్కకేసేది, పక్కకేసినవాటికి పైసలుండవు, తిరిగి ఇయ్యరు కూడ, అవెటు పోయేదో ఆ దేవునికే ఎరుక. మా అమ్మ ఆ మాట మీద మనిషి మనిషంత ఎగిరి లొల్లి పెట్టుకునేది. ఆమె బీడీ మీద ఎవరి పేరూ లేదు, సేటు బొమ్మ ఉండేది లేబుల్ మీద. క్యూబా వాళ్ల డబ్బా మీద కూడ చుట్టినోళ్ల పేరేం లేదు అనుకోండ్రి, కాని వాళ్లు విన్న కథ పేరన్న ఉన్నది.

కిట్టయ్య_కాకా:

అందరు బాగ చెప్పిండ్రు, నేను జర చేదు మాట చెప్త. నేను ముప్పై రెండేండ్లు తాగి, గొంతుకు ఆపరేషన్ అయ్యి బంద్ చేసినోన్ని. సిగార్ పొగ లోపలికి గుంజరు, నోట్లెనే తిప్పి విడుస్తరు, కాబట్టి ఏం కాదు అనేటోళ్లు మస్తు మంది ఉంటరు. నోటికి, గొంతుకు, ఆహార నాళానికి క్యాన్సర్ గుంజకున్నా వస్తది. పెద్ద సిగార్ ఒక్కదాంట్ల సిగరెట్ ప్యాకెట్ మొత్తంల ఉన్నంత పొగాకు ఉండొచ్చు. నాలుగేండ్ల కింద బంద్ చేసిన అంటున్నవు, సిగార్ల నికోటిన్ నోటి తోలు నుంచే ఎక్కుతది, ఒక్కటే గదా అని ముట్టిస్తే మళ్ల పాన్‌డబ్బా కాడ తేల్తవు, నా సోపతి ఇద్దరు గట్లనే తేలిండ్రు. ఇగ దావత్‌ల, ఫంక్షన్ హాల్ల ముట్టియ్యకు, 2008 అక్టోబర్ 2 నుంచి పదిమంది తిరిగే కాడ పొగ బంద్, సిగార్‌కు వేరే రూల్ లేదు. డబ్బా అందంగ ఉన్నది అన్నవు, డబ్బా ఉంచుకో, అందుల సుయిదారం పెట్టుకోవచ్చు.

గల్ఫ్_రిటర్న్:

కాకా చెప్పింది కరెక్టే. లౌంజ్‌ల నాలుగేండ్లు చేసినంక నాకు దగ్గు పట్టింది, తాగకున్నా. అందుకే ఆ డ్యూటీ మార్పిచ్చుకున్న.

హన్మకొండ_పోరడు:

అందరికీ థ్యాంక్స్. అప్డేట్ ఇస్తున్న, లేట్ అయినందుకు ఏమనుకోకుండ్రి. గల్ఫ్ అన్న చెప్పినట్టు ప్లాస్టిక్ డబ్బా, తేమ ప్యాకెట్లు అన్ని తెప్పిచ్చిన. అందుల పెట్టేటప్పుడు ఒక్కొక్కటి తీసి లైట్ కింద చూస్తే రెండో వరుసల ఒకదానికి మూడు బెజ్జాలు, గుండుసూదివే. గుండె జల్లుమన్నది. పురుగు, గుడ్లు ఉంటే సావాలె అని మిగతా 24 జిప్ కవర్ల వేసి ఫ్రీజర్ల పెట్టిన, వారం దినాలు ఉంచి, తర్వాత ఒక రోజు కింద ఫ్రిజ్‌ల, తర్వాత బయటికి, అట్లనే గదా అన్నా? మా ఇంటామె ఫ్రీజర్ల చికెన్ పక్కన చుట్టలేంది అని ఒక రౌండు అయింది.

ఆ బెజ్జాలదాన్ని పారేద్దామని టేబుల్ మీద పెట్టి స్నానానికి వోయిన. వచ్చేసరికి అమ్మ సోఫాల కూసొని ఒళ్లె చాట పెట్టుకొని, దాన్ని మొత్తం విప్పింది. నిజం చెప్తున్న, ఎక్కడ చిరగలే. తల కాడ అతికిచ్చిన చిన్న ముక్క గోరుతోటి లేపి, పై ఆకు చీర విప్పినట్టు విప్పి పక్కకు పెట్టింది, దాని కింది ఆకు ఇంకో దిక్కు, లోపలి ఆకులు వేరే. వాసన చూసింది. పై ఆకును కిటికీ దిక్కు పట్టి చూసి "ఈనె ఎంత మంచిగ తీసిండ్రురా, మొత్తం ఒక్కటే ముక్క" అన్నది. లోపలి ఆకులను వేళ్లతోటి విడదీసి "ఇది ముదురుది, ఇది లేతది, ఇది కావాలనే కలిపిండ్రు" అన్నది, నేను కోరుట్ల అక్క రాసింది ఆమెకు చెప్పలే, దేవుని సాక్షి. పురుగు తిన్న కాడ వేలు పెట్టి చూపిచ్చింది, లోపల సొరంగం లెక్క తవ్వింది.

తర్వాత "నడుమ జర వట్టిగ పోయిండు, వీనిది నేనైతే పక్కకేద్దును" అన్నది. ఆ మనిషి ఎవరో హవానాల, ఆయనకు తెలిస్తే ఏమంటడో. లెక్టర్ ముచ్చట చెప్పిన. కోరుట్ల అక్క పేపర్ చదివిన సంగతి కూడ చదివి వినిపిచ్చిన, వేపచెట్టు అనంగనే "ఎవరి బిడ్డవే నువ్వు, ఏ వాడ" అని అడగమన్నది.

కోరుట్ల_ఆడబిడ్డ:

అయ్యో, అమ్మకు నా దండాలు చెప్పు. వాడ పేరు ఇక్కడ రాయను, నీకు వేరే మెసేజ్ పెడత. మరి విప్పినదాన్ని పారేసిండ్రా?

హన్మకొండ_పోరడు:

లేదక్కా. మళ్ల చుట్టింది. లోపలి ఆకు సగమే పెట్టింది, పై ఆకు కత్తెరతోటి రేకు సైజుకు కత్తిరిచ్చింది, అయినంక ఎర్రదారం కట్టి మూతి మడిచింది. మూడు అయినయ్. ఆ కాఫీ రంగు పట్టీ మాత్రం మా చిన్నోడు వేలికి పెట్టుకొని బడికి వోయిండు, నేను చూసేసరికి ఆటో పోయింది.